నీళ్ల డ్రమ్ములు, డెంగీ జ్వరం, దేవుని చిత్తం

మోటారు వైండింగ్ కాలిపోయి, నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటున్న రోజుల్లోనే నాకు డెంగీ వచ్చింది. ఇలా ఒకదాని మీద ఒకటి వచ్చిపడితే విశ్వాసికి మొదట తోచేది "ఏ పాపానికి ఈ శిక్ష?" అనే ప్రశ్న. బైబిల్లో కష్టాల పాలైన యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు పట్టుకుని వేళ్లాడింది దీన్నే. వాళ్లు తన గురించి యుక్తమైనది పలకలేదని చివరికి దేవుడే తేల్చాడు. కాబట్టి ఆ లెక్క మనది కాదు. చావు బతుకుల్లో ఉన్న హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. దేవుడు సర్వాధికారి అని నమ్మేవాళ్లు వైద్యం మానుకోనక్కర్లేదు, భయంతో వణుకుతూ చేయించుకోనూ అక్కర్లేదు.

డెంగీ వైరస్‌ను చంపే మందు లేదు. ఒంట్లో నీరు నిలబెట్టడమే చికిత్స. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి, 24 గంటల్లోపు తాగాలి, మిగిలితే పారబోయాలి. ఒకేసారి గటగటా తాగితే వాంతి అవుతుంది, కొద్దికొద్దిగా తాగాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ ఆరు గంటలకు ఒకసారి మించకుండా. ఒళ్లునొప్పులు భరించలేక ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను వెతికే ఎన్‌ఎస్‌1 పరీక్ష జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టిస్తుంది. ఆ తర్వాత నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదనుకోకూడదు, వైరస్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూపే ఐజీఎం పరీక్ష చేయించాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది జ్వరం దిగాక. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు చల్లబడుతుంది, ఇంట్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది. సరిగ్గా అప్పుడే కొందరిలో రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి ఊరడం మొదలై, 24 నుంచి 48 గంటలు సాగుతుంది. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి గానీ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎక్కుతోందా అన్నదీ అంతే ముఖ్యం. ఎక్కుతోందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. జ్వరం దిగగానే కృతజ్ఞతా ప్రార్థన చేసుకోండి, కాపలా మాత్రం పెంచండి. రోగి పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి: టైము, జ్వరం, తాగింది ఎంత, మూత్రం ఎప్పుడు. ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, కడుపులో తీవ్రంగా నొప్పి పుట్టినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మనిషి మత్తుగా లేదా చిరాకుగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఇక డ్రమ్ముల సంగతి. డెంగీని మోసే దోమ మురుగు కంటే మంచినీళ్లనే కోరుకుంటుంది, పగటిపూట కుడుతుంది. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి గోడను బ్రష్షుతో గట్టిగా తోమాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తోమడం తప్పనిసరి. మూతికి సందు లేకుండా గుడ్డ బిగించి కట్టాలి. ఫ్రిజ్ వెనక ట్రే మరిచిపోవద్దు. జ్వరం ఉన్నన్నాళ్లూ రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచాలి. రోగిని కుట్టిన దోమే కొద్ది రోజులకు ఇంట్లోవాళ్లకూ వైరస్‌ను అంటిస్తుంది.

కోలుకునేటప్పుడు నీరసం వారాల తరబడి వదలదు. బైబిలు తెరిస్తే అక్షరాలు ఎక్కవు, ప్రార్థన రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. విశ్వాసం సన్నగిల్లిందని కుంగిపోకండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. తట్టి లేపి తినమన్నాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ఆ క్రమం ఈ రోజులకు సరిగ్గా సరిపోతుంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చిపోయినా మిగతా వాటి నుంచి శాశ్వత రక్షణ దొరకదు, రెండోసారి మరో రకం సోకితే తీవ్రం కావచ్చు. మోటారు బాగై వచ్చినా, డ్రమ్ము వాడుతున్నన్నాళ్లూ వారానికోసారి తోమాల్సిందే.