వట్టివేళ్ల జెల్, ప్రొపిలీన్ గ్లైకాల్: ఇప్పటివరకు

వట్టివేళ్లను నీళ్లలో కాచి జెల్ చేస్తే వాసనంతా వంటింట్లోనే మిగిలిపోతోంది. అందుకే ఈసారి పొయ్యి జోలికి పోలేదు. ప్రొపిలీన్ గ్లైకాల్ (క్రీముల్లో వాడే, రంగూ వాసనా లేని చిక్కటి ద్రవం), డిస్టిల్డ్ వాటర్ సమానంగా తూచి, వేళ్లను అందులో రెండు వారాలు నానబెట్టాను. వేళ్లు బేగం బజార్‌లో మూలికల దుకాణంలో కొన్నవి. కడిగి, బాగా ఆరబెట్టి, కత్తెరతో అంగుళం ముక్కలు చేశాను. వడకట్టాక తేనెరంగు ద్రవం, తడిమట్టి వాసన. హైదరాబాద్ ఎండల్లో ఇంతకన్నా ఏం కావాలి!

సీసా మీది పేరు చదివి మా పిన్ని, "ఇది కారు రేడియేటర్‌లో పోసేదే కదమ్మా, ముఖానికి పూస్తావా?" అంది. అక్కడ ఎక్కువగా పోసేది ఇథిలీన్ గ్లైకాల్. కడుపులోకి వెళితే అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ మారేది లాక్టిక్ ఆమ్లంగా. దీన్ని ఆహారపదార్థాల్లోనూ వాడతారు.

అయితే పిన్ని భయాన్ని పూర్తిగా కొట్టిపారేయను. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. ఆ విషం ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కల్తీగానూ రావచ్చు, చూపుకు తేడా తెలియదు. కాబట్టి డ్రమ్ములోంచి విడిగా పోసి ఇచ్చే సరుకు ఎంత చౌకైనా నాకొద్దు. సీలున్న సీసా, ఐపీ లేదా యూఎస్‌పీ (భారత, అమెరికా ఔషధ ప్రమాణాల) గ్రేడు, ఆ బ్యాచి విశ్లేషణ పత్రం అడిగి తీసుకుంటాను. ఇథిలీన్, డైఇథిలీన్ గ్లైకాళ్లు ఒక్కొక్కటి 0.1 శాతం లోపు ఉన్నట్టు అందులో ఉండాలి.

100 గ్రాముల జెల్‌కు వట్టివేళ్ల ద్రవం 10 గ్రాములు, విడిగా గ్లైకాల్ 3, చిక్కబరిచే పొడి జాంథన్ గమ్ 0.8, పాడవకుండా కాపాడే సంరక్షకం ఫినాక్సీఇథనాల్–ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం 1, మిగతా 85.2 డిస్టిల్డ్ వాటర్. జాంథన్ నేరుగా నీళ్లలో పడితే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, ఎంత గిలకొట్టినా విడవవు. ముందు గ్లైకాల్‌లో కలిపితే రేణువులు ఉబ్బకుండా విడివిడిగా ఉంటాయి. ఆ ముద్ద మీద నీళ్లు పోసి కలిపితే కాసేపటికి నునుపుగా చిక్కబడుతుంది. వట్టివేళ్ల ద్రవం, ఫినాక్సీఇథనాల్ మిశ్రమం చివర్లో.

వట్టివేళ్ల ద్రవంలోని సగం, విడిగా వేసిన 3 కలిపి గ్లైకాల్ మొత్తం 8 శాతమే, అది ఒక్కటే బూజును ఆపలేదు. అందుకే సంరక్షకాన్ని మానకూడదు. కొద్దికొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూశాకే మెడకు రాశాను, మంట లేదు. కానీ ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఇవ్వను: చర్మ అలర్జీలను చూసే అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2018కి 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ఎంచుకున్నది ప్రొపిలీన్ గ్లైకాల్‌నే. మధ్యాహ్నం చెమటతో కలిసి ముఖం మీద జిగురుగా ఉంటోంది, మెడకు, చేతులకు ఆ ఇబ్బంది లేదు. వచ్చే విడతలో విడిగా వేసే ఆ 3 గ్రాముల గ్లైకాల్ బదులు, అలాంటిదే మరో ద్రవం ప్రొపేన్‌డయాల్ వేసి చూడాలి.