మబ్బు లేని రోజు పోయిన ఛానెళ్లు

ఇంటికి డిష్ పెట్టించాలనుకున్నప్పుడు నేను చేసిన మొదటి పని రెండు కంపెనీల ఛానెళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టడం. ఏ ప్యాక్‌లో ఏ వార్తా ఛానెల్ ఉంది, స్పోర్ట్స్ విడిగా కొనాలా, హెచ్‌డీ ఛానెళ్లు ఎన్ని... ఒక సాయంత్రమంతా దానికే పోయింది. చివరికి ఒకదాన్ని ఖాయం చేసుకుని, రెండు కంపెనీల డిష్‌లూ బిగించే మనిషిని పిలిచాను.

ఆయన ఇంట్లోకి రాకుండా నేరుగా మేడెక్కాడు. ఫోన్‌లో దిక్సూచి చూసుకుంటూ కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఆ చెట్టు మీదేనాండీ?" అని అడిగాడు.

"కాదండీ, పక్కింటివాళ్లది."

"అయితే మీరు చెప్పిన కంపెనీది ఇక్కడ కష్టం. రెండోది తీసుకోండి."

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఎత్తులో ఉన్న ఉపగ్రహం భూమి ఒక చుట్టు తిరిగే సమయానికే తానూ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి మనకు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. డిష్‌ను ఒకసారి బిగించి వదిలేయగలుగుతున్నది అందుకే. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న ఇళ్లకు ఇవన్నీ దక్షిణపు ఆకాశంలోనే ఉంటాయి. అయితే ఒక కంపెనీది నడిమధ్యన ఉంటే ఇంకో కంపెనీది తూర్పుకో పడమరకో జరిగి ఉంటుంది. పక్కకు జరిగే కొద్దీ అది ఆకాశంలో కిందికి దిగుతుంది. నేను టిక్కు కొట్టిన కంపెనీ ఉపగ్రహం సరిగ్గా ఆ చెట్టు కొమ్మల వెనక ఉంది. ఆకులు రాలిన రోజుల్లో వస్తుందట, చిగుళ్లు వేస్తే పోతుందట! రెండో కంపెనీకి మారిపోయాను. నాకు కావాల్సిన రెండు ఛానెళ్లు అందులో లేవు. పోనీలే, కొమ్మలు కొట్టించమని పక్కింటివాళ్లను అడిగే పని తప్పింది.

మిగతా ప్రశ్నలు నాలుగే అడిగాను. బాక్స్ మనదా, అద్దెదా? ఇల్లు మారితే ఏం చేస్తారు? పిలిచిన ప్రతిసారీ చార్జీ ఉంటుందా? రికార్డింగ్ సౌకర్యం ఉందా? జవాబులు రెండు కంపెనీలకూ ఇంచుమించు ఒకటే.

బిగింపు మాత్రం పక్కనే నిలబడి చూశాను. డిష్ ఆకాశం వైపు కాకుండా ఎదురింటి గోడకేసి చూస్తున్నట్టు పెడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను. ఆయన నవ్వాడు. ఇళ్లకు పెట్టే ఈ రకం డిష్‌లో ముందుకు చాచుకుని ఉండే చేయి కింది అంచు నుంచి వస్తుంది. డిష్ ముఖం చూపుతున్న దిక్కు కంటే అసలు చూపు ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుందట. డిష్‌ను నిలబెట్టే గొట్టాన్ని గోడకు బిగించాక దాన్ని పట్టుకుని తన బరువంతా వేసి ఊగాడు. నాకు భయమేసింది కానీ ఆ పని ఎందుకో తర్వాత అర్థమైంది. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. దాని ఒక అంచు సెంటీమీటరు జరిగితే చూపు దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది. గాలికి ఊగే గొట్టం మీద ఎంత బాగా గురి పెట్టినా ఒకటే.

వెళ్తూ వెళ్తూ రిమోట్‌లో సెట్టింగ్స్ తెరిచి రెండు గీతలు చూపించాడు. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. "పైదాన్ని నమ్మొద్దండీ, కిందిది చూడండి." స్ట్రెంగ్త్ అంటే కేబుల్‌లో వస్తున్న చప్పుడు ఎంత పెద్దదో చెప్పేది. అందులో పక్క ఉపగ్రహానిదీ ఉండొచ్చు, ఉత్త రొదా ఉండొచ్చు. ఆ చప్పుడులో మన మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పేది క్వాలిటీ. సంతలో ఎవరో పిలుస్తున్నట్టు అన్నమాట.

కొన్నాళ్లు హాయిగా గడిచింది. తర్వాత లోపలి గదిలో రెండో టీవీ వచ్చింది, దానికో బాక్స్ తెచ్చాం. అక్కడ నేను తెలివి ప్రదర్శించాను. పాత కేబుల్ టీవీ రోజుల్లోది ఒక స్ప్లిటర్ ఇంట్లో పడి ఉంటే, డిష్ నుంచి వచ్చే వైరును దాంతో రెండుగా చీల్చి రెండు బాక్సులకూ ఇచ్చేశాను. రెండూ వచ్చాయి. పావుగంట తర్వాత హాల్లోంచి అత్తయ్య కేక: "నా ఛానెల్ ఎవరు తీసేశారే?" లోపల మేము ఛానెల్ మార్చినప్పుడల్లా హాల్లో ఒక్కోసారి బొమ్మ పోతోంది, ఒక్కోసారి ఉంటోంది. గంటసేపు అటూ ఇటూ పరుగులు తీసి ఆ మనిషికే ఫోన్ చేశాను.

ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్న అసలు విషయం ఆయన ఆ రోజు చెప్పిందే. డిష్ ముందు చేతి చివర ఉండి తరంగాలను అందుకునే బుడిపెను ఎల్‌ఎన్‌బి అంటారు. పైనుంచి వచ్చే తరంగాలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కంపిస్తూ వస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇలా రెండు వరుసల ఛానెళ్లు పంపొచ్చు. మనం ఛానెల్ మార్చగానే బాక్స్ అదే కేబుల్ గుండా పైకి కరెంటు పంపి ఏ వరుస కావాలో ఎల్‌ఎన్‌బికి చెబుతుంది: 13 వోల్టులు పంపితే నిలువు, 18 పంపితే అడ్డం. స్ప్లిటర్ పెడితే రెండు బాక్సులు ఒకే ఎల్‌ఎన్‌బికి రెండు రకాల ఆజ్ఞలు ఇస్తాయి. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో చిన్న కోడలి పరిస్థితే! మందు: రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బి, ఒక్కో బాక్సుకు విడిగా ఒక్కో కేబుల్. పెట్టించాం, గొడవ వదిలింది.

ఇంకోసారి వరసగా నాలుగైదు రోజులు, ఎండ ఫెళ్లున కాస్తుండగా, రోజూ ఒకే వేళకు కొన్ని నిమిషాలు బొమ్మ ముక్కలైపోయి మళ్లీ అదే వచ్చేసేది. టెన్షన్ పడి ఫోన్ చేస్తే వారం ఆగమన్నారు. నన్ను వదిలించుకోవడానికి అన్నారనుకున్నాను. నిజంగానే వారంలో పోయింది. మార్చి, అక్టోబర్ ప్రాంతాల్లో సూర్యుడు రోజూ కాసేపు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. డిష్‌కు సూర్యుడి రేడియో రొదలో ఉపగ్రహం గొంతు వినపడదు. ఎవరూ చేయగలిగింది లేదు.

వాన సంగతి అందరికీ తెలిసిందే. ఈ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి జోరువాన వాటిని దారిలోనే మింగేస్తుంది. వాన తగ్గగానే తిరిగొస్తాయి. దానికి ఫోన్లు చేయడం మానేశాను.

అందుకే అసలు ఇబ్బంది మొదలైనప్పుడు వింతగా అనిపించింది. రాత్రంతా వాన పడింది, తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది, హాల్లో టీవీ పెడితే సగం ఛానెళ్లకు 'సిగ్నల్ లేదు'. మధ్యాహ్నానికి వాటంతట అవే వచ్చేశాయి. మళ్లీ వాన పడ్డ మర్నాడూ ఇదే. లోపలి గదిలో టీవీ మాత్రం భేషుగ్గా ఉంది.

కస్టమర్ కేర్‌లో బాక్స్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, చేశాను. రీఫ్రెష్ (ఛానెళ్లు చూడటానికి బాక్స్‌కు ఇచ్చే అనుమతి) మళ్లీ పంపుతాం, పోయిన ఛానెల్ మీదే పెట్టి ఉంచమన్నారు, ఉంచాను. ఆ అనుమతి కూడా ఉపగ్రహం నుంచే రావాలి కాబట్టి బాక్స్ ఆపేసి ఉంటే అందదు, నిజమే. కానీ డబ్బు కట్టకపోతే తెరమీద వచ్చే మాట వేరు, 'సిగ్నల్ లేదు' వేరు. ఆ తేడా నాకూ అప్పుడు తట్టలేదు. ఆ చిరాకులో నేనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి కొత్తగా స్కాన్ చేయించాను. ఆ సమయానికి అందని ఛానెళ్లు జాబితాలోంచే మాయమయ్యాయి. ఇంతకుముందు సిగ్నల్ లేదనైనా చెప్పేవి, ఇప్పుడు అసలు ఉన్నట్టే లేవు. ఆ రోజు అత్తయ్య నాతో మాట్లాడలేదు.

దారి దొరికింది కూడా ఆవిడ వల్లే. క్యాలెండర్ వెనక కాగితం మీద, ఏ పూట ఏ నంబర్లు పోతున్నాయో రాసి పెట్టుకున్నారు, ఫోన్‌లో కంపెనీవాళ్లను నిలదీయడానికట. చూస్తే ప్రతిసారీ అవే నంబర్లు! ఛానెళ్లు తిరిగొచ్చాక సెట్టింగ్స్‌లో మళ్లీ స్కాన్ చేసి ఒక్కో నంబరూ తెరిచి చూశాను. ఫ్రీక్వెన్సీ పక్కన వి అనో హెచ్ అనో ఒక అక్షరం ఉంటుంది. వి అంటే నిలువు, హెచ్ అంటే అడ్డం. పోతున్నవన్నీ హెచ్. ఒక్కటి కూడా తప్పలేదు. మళ్లీ వాన పడి ఆ ఛానెళ్లు పోయినప్పుడు గీతలు చూస్తే స్ట్రెంగ్త్ నిండుగా ఉంది, క్వాలిటీ సున్నా.

స్ప్లిటర్ రోజు గుర్తొచ్చింది. అడ్డం వరుసకు 18 వోల్టులు పైకి చేరాలి. చేరడం లేదేమో?

బిగించే మనిషి వచ్చి వినగానే "ఎల్‌ఎన్‌బి పోయిందండీ, మార్చేద్దాం" అన్నాడు. ఒకసారి పైన వోల్టేజీ కొలవండి అని బతిమాలాను. కేబుల్ చివర ఊరికే కొలిస్తే 18 చూపించింది. "చూశారా" అన్నాడు. ఎల్‌ఎన్‌బి తగిలించి, అది కరెంటు లాగుతుండగా కొలిస్తే 14! ఆయన మొహం చూడాలి. దారిలో ఎక్కడో అడ్డు ఉంది. కరెంటు పారనప్పుడు ఆ అడ్డు తెలియదు, పారితేనే వోల్టేజీని తినేస్తుంది. మిగిలిన 14ను చూసి ఎల్‌ఎన్‌బి నిలువు వరుసే కాబోలు అనుకుంటోంది.

"ఈ కేబుల్‌కు మధ్యలో అతుకేమైనా ఉందా?" అని అడిగాడు.

ఉంది. ఇంటికి రంగులు వేయించినప్పుడు పిట్టగోడ దగ్గర హాల్ కేబుల్ తెగితే నేనే రెండు కనెక్టర్లు, ఒక జాయింటర్ తెచ్చి కలిపి, మామూలు కరెంటు టేపు చుట్టాను. ఎవరికీ చెప్పలేదు.

కింద బాక్స్ ప్లగ్గు తీసేసి (కరెంటు ఉండగా విప్పితే మధ్య తీగ దాని చుట్టూ ఉండే లోహపు జాలీకి తగిలి షార్ట్ కావచ్చు) టేపు ఊడదీస్తే లోపలినుంచి నీళ్లు కారాయి. మా కేబుల్ మధ్య తీగ లోపల ఉక్కు, పైన రాగి పూత. పూత పోయి తుప్పు పట్టింది. తడిసినప్పుడు సతాయిస్తోంది, ఎండకు ఆరితే పని చేస్తోంది. ఆయన నన్నేమీ అనలేదు. టేపు చుట్టను చేతిలో తిప్పి చూసి పక్కన పడేశాడంతే.

అతుకు లేకుండా డిష్ నుంచి హాల్ దాకా డిష్‌లకు వాడే ఆర్‌జీ 6 రకం కొత్త కేబుల్ లాగాం. పైన కనెక్టర్‌కు రబ్బరులా సాగి తనకు తానే అతుక్కునే టేపు చుట్టాడు. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను ఒక జానెడు కిందికి వేలాడదీసి పైకి తిప్పాడు, నీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోయేలా. ఎల్‌ఎన్‌బి పాతదే ఉంది.

అత్తయ్య కాగితం ఇంకా రిమోట్ పక్కనే ఉంది. పిట్టగోడ దగ్గర అతుకు ఎవరు వేశారని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.