గీజర్ ఆపితేనే చల్లనీళ్లు

కువైట్ నుంచి తిరుపతి వచ్చి వారమైంది. ఇప్పటికీ స్నానానికి పోతే చెయ్యి గీజర్ స్విచ్ ఆపడానికే వెళ్తోంది. అమ్మకు నవ్వు. అక్కడ జూలైలో లెక్క తిరగబడుతుందమ్మా అన్నాను. మిద్దె మీద ట్యాంకు కాగిపోయి చల్లనీళ్ల కుళాయిలో చెయ్యి కాలే నీళ్లొస్తాయి. గీజర్ ఆపేస్తే, ఏసీ ఇంట్లో ఉన్న ఆ డబ్బాలోని నీళ్లే కాస్త చల్లబడతాయి. అందుకే వేడినీళ్ల కుళాయి తిప్పి స్నానం చేస్తాం!

"మనకు మాత్రం ఎండలు తక్కువా నాయనా?" అంది. తక్కువేం కాదు. కానీ 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పూట ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలే ఉంది.

నిజానికి నాకు ఎండకన్నా ఆ చదును నేలతోనే బెంగ. ఎటు చూసినా కొండ కనపడదు. దేశం మొత్తంలో ఎత్తైన చోటు సుమారు 300 మీటర్లు. మన తిరుమల అంతకు రెండింతల పైనే. ఏడాదంతా పారే నది ఒక్కటీ లేదు, తాగేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. స్వర్ణముఖిలో ఇసుకే తప్ప నీళ్లేవీ అని ఒకప్పుడు తిట్టుకునేవాణ్ణి. 2021 నవంబరులో అదే ఏరు పొంగి భయపెట్టింది.

నిన్న సాయంత్రం శేషాచలం మీద మబ్బు దిగింది. "వానొస్తోంది, బట్టలు తియ్యి" అని అమ్మ కింది నుంచి కేక. నేను మిద్దె మీదే నిలబడి చూస్తుండిపోయాను. బట్టలన్నీ తడిశాయి. తిట్లు ఇంకా పడుతున్నాయి.