ఊరికా, ఊరి నుంచా?

మేము పదో తరగతి చదివిన 1989లో మా బడికి ప్రహరీ లేదు. ఇంగ్లిషు పీరియడుకు అప్పుడప్పుడు గేదెలు కూడా హాజరయ్యేవి. ఆ ఏడు మాస్టారు మమ్మల్ని సొంత ఊరి మీద వ్యాసం రాయమన్నారు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేవాణ్ణి కదా, ‘నేను వచ్చిన ఊరు’ అని తెలుగులో అనుకుని ‘ద విలేజ్ విచ్ ఐ కేమ్’ అని మొదలుపెట్టాను. మాస్టారు దాని కింద ఎర్రగీత గీసి, పక్కన తెలుగులోనే రాశారు: “వచ్చింది ఊరికా, ఊరి నుంచా?”

తప్పేమిటో నాకు అర్థం కాలేదు. అడిగితే బోర్డు మీద మూడు ముక్కలు రాశారు: నేను వచ్చిన ఊరు, నేను వచ్చిన బస్సు, నేను వచ్చిన పని. “మొదటిదాంట్లో ‘నుంచి’, రెండోదాంట్లో ‘లో’, మూడోదాంట్లో ‘కోసం’ ఎక్కడికి పోయాయిరా?” అన్నారు. నిజమే, ఒక్కటీ లేదు! ‘వచ్చిన’ అనే ఆ విశేషణం విభక్తులన్నిటినీ మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. సందర్భాన్ని బట్టి వినేవాడే పోల్చుకోవాలి. ఇంగ్లిషుకు ఈ మొహమాటం లేదు, ‘ఫ్రమ్’, ‘టు’ లాంటి ప్రిపొజిషన్ పైకి కనిపించి తీరాలి.

అందుకు ఆయన చెప్పిన ఉపాయం, ఊరిని మళ్ళీ వాక్యంలోకి పిలవడం. ‘ఐ కేమ్ ఫ్రమ్ ద విలేజ్’. ఇందులో ఉన్న ‘ఫ్రమ్’ నా వ్యాసం వాక్యంలో ‘విచ్’ ముందైనా ఉండాలి, ‘కేమ్’ తర్వాతైనా ఉండాలి. మనుషుల విషయంలో ముందుకు తెస్తే ‘హూ’ కాస్తా ‘హూమ్’ అవుతుంది. ‘దట్’ ముందు మాత్రం ప్రిపొజిషన్ నిలవదు, చివరికి పోవలసిందే. మాలో అతి జాగ్రత్తపరులు రెండు చోట్లా పెట్టి తిట్లు తిన్నారు.

చివర పెట్టకూడదని గైడులో ఉందని ఒకడు లేచాడు. “చివర పెడితే కొంపలేమీ మునగవు, అసలు పెట్టకపోతేనే మునుగుతాయి” అన్నారు మాస్టారు. ఆ అభ్యంతరం కవి డ్రైడెన్ నాటిదని చాలా ఏళ్ళకు చదివాను. 1672లో ఆయన నాటకకర్త బెన్ జాన్సన్‌ను ఇందుకే తప్పుపట్టాడు. తీరా చూస్తే 1668 నాటి తన వ్యాసంలోనూ చివర ప్రిపొజిషన్లే ఉన్నాయి. 1684 ముద్రణలో దిద్దుకున్నాడు, పాపం.

నేను బ్యాంకు ఉద్యోగంలో చేరాను. నిరుడు ఒక కుర్ర ఆఫీసరు ఒక ఉత్తరం ముసాయిదా తెచ్చాడు. ఫలానా సొమ్ము బదిలీ అయిన ఖాతాను ఫ్రీజ్ చేయాలని దాని సారాంశం. ఇంగ్లిషులో ‘విచ్’ ఉంది, ‘టు’ లేదు, ‘ఫ్రమ్’ లేదు. డబ్బు పోగొట్టుకున్నవాడి ఖాతానా, పట్టుకుపోయినవాడి ఖాతానా? ఎర్ర కలం తీసి పక్కన రాశాను: “ఖాతాకా, ఖాతా నుంచా?”

అబ్బాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “సార్, ఇంగ్లిషు ఉత్తరంలో తెలుగు రాశారేమిటి?” అన్నాడు.