నిమ్మళం

మా అత్తమ్మ వాళ్లది నల్లగొండ వైపు. నేను తెనాలి పిల్లని. పెళ్లయి ఉప్పల్ వచ్చాక ఆవిడ నోట విన్న మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది నిమ్మళం.

జ్వరం దిగితే "పానం నిమ్మళమైందా?" అని అడుగుతారు. బస్సు వెళ్లిపోతుందేమోనని నేను ఆదరాబాదరాగా చెప్పులు వేసుకుంటుంటే "నిమ్మళంగ పో" అంటారు. భోజనాలకు కూర్చున్న చుట్టాలతో "నిమ్మళంగ తినుర్రి". చీటీ డబ్బులు చేతికొచ్చి ఫీజు కట్టేశాక "ఇగ నిమ్మళం". మా ఇంట్లో అయితే ఒళ్లు కుదుటపడేది, మనసు స్థిమితపడేది, నడక నిదానంగా ఉండేది. అత్తమ్మకి అన్నిటికీ ఒకటే మాట. దీనికి ఎదురుమాట రంది. దిగులు, బెంగ, టెన్షన్ అన్నీ అందులోనే ఉంటాయి.

నిమ్మళానికి మూలం నిర్మలం అంటారు. అది తెలిసినప్పుడు నాకు చిల్లగింజలు గుర్తొచ్చాయి. వాటిని హిందీలో నిర్మలి అనే పిలుస్తారు. వెనకటి రోజుల్లో చెరువు నీళ్లు బురదగా ఉంటే కుండ లోపల ఆ గింజని అరగదీసి నీళ్లు పోసేవాళ్లు. కాసేపటికి పైన నీళ్లు తేటపడతాయి. మట్టి ఎక్కడికీ పోదు, అడుగుకి చేరుతుంది. అత్తమ్మ వాడే నిమ్మళం కూడా సరిగ్గా అలాంటిదే.

తెలుగులో ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. ఊరట ఇప్పుడు ఎక్కువగా పేపర్లలోనే కనిపిస్తోంది: హైకోర్టులో ఊరట, ఎండల నుంచి ఊరట. ఇంట్లో ఎవరైనా అనగా నేను వినలేదు. ఓదార్పు అనగానే చాలామందికి 2010లో మొదలైన జగన్ ఓదార్పు యాత్ర గుర్తొస్తుంది. పర్వాలేదులో ఉన్న పర్వా ఉర్దూలోనూ ఉన్నదే. హైదరాబాద్‌లో ఆరాం అనే మాట ఎటూ ఉంది. అది మంచి మాటే, కానీ ఏడుస్తున్న మనిషితో ఆరాం అనలేం కదా.

ఈ తేడా నాకు మామయ్య బైపాస్ ఆపరేషన్ నాడు బాగా తెలిసింది. థియేటర్ బయట కూర్చున్నాను. ఫోన్ల మీద ఫోన్లు. "ఏం కాదు." "ధైర్యంగా ఉండండి." "దేవుడున్నాడు." అందరూ ప్రేమతోనే చేశారు. కానీ ఏం కాదని వాళ్లకెలా తెలుసు? ఇక ధైర్యంగా ఉండమనడం, అసలే కూలబడిన మనిషి నెత్తిన ఇంకో పని పెట్టడమే. పక్క కుర్చీలో మెదక్ వైపు యాసతో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ కొడుకు ఐసీయూలో ఉన్నాడు. నా చేతిలో చాయ్ కప్పు పెట్టి "తాగు బిడ్డా. జర మనసు నిమ్మళం జేస్కో" అంది. లోపల ఏమవుతుందో ఆవిడ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చాయ్ తాగి, గోడకి తల ఆనించి, కాసేపు కళ్లు మూసుకోగలిగాను.

మామయ్య ఆ తర్వాత కొన్నేళ్లు బాగానే ఉన్నారు. ఆయన పోయినప్పుడు పలకరించడానికి ఊరి నుంచి ఆడవాళ్లు వచ్చారు. వాకిట్లోకి వస్తూనే అత్తమ్మని పట్టుకుని శోకాలు తీశారు. ఆయన ఎట్లా మాట్లాడేవాడో, ఎవరికి ఏం పెట్టాడో అన్నీ చెప్పి చెప్పి ఏడ్చారు. మా వైపు ఇలాంటప్పుడు వీపు నిమురుతూ "ఊరుకో, ఊరుకో" అంటాం. నేనూ అదే అనబోయాను. మా పెద్దాడపడుచు నా చెయ్యి పట్టి ఆపింది. "ఏడ్వనీ. ఏడిస్తెనే పానం నిమ్మళమైతది."

అప్పటిదాకా ఓదార్చడమంటే ఏడుపు ఆపించడమే అనుకునేదాన్ని. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఏడ్చినవాళ్లే కొంగుతో మొహం తుడుచుకుని, తెచ్చిన అన్నం గిన్నెలు విప్పి, అత్తమ్మకి రెండు ముద్దలు తినిపించారు. వెళ్లేటప్పుడు పోయొస్తామని చెప్పకుండానే లేచి వెళ్లారు, చావింట్లో ఆ మాట అనకూడదు కాబట్టి. అత్తమ్మ ఆ రాత్రి నిద్రపోయారు.

మొన్న మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లమ్మకి బయాప్సీ చేశారట, రిపోర్టు మర్నాడొస్తుందట. గొంతు వణుకుతోంది. ఏం కాదులే అనాలని నాకూ ఉంది. అనలేదు. తను చెప్పినంతసేపూ విని, "తిన్నావా?" అని అడిగాను. తినలేదంది. "ముందు నిమ్మళంగా కూర్చుని ఇంత పెరుగన్నం తిను. రేపు నీతో నేనూ వస్తా" అన్నాను.

పొద్దున్నే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగాను. తను స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.