‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా: ఇప్పటిదాకా సాగిన సాధన

ఇంగ్లిష్‌లో ఒక క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే, ఆ రెండోదానికి ముందు ‘టు’ పెట్టాలా, చివర ‘ఇంగ్’ పెట్టాలా అని చెప్పే పట్టికను పక్కన పడేశాను. ఎడమవైపు ‘టు’ అడిగేవి: వాంట్, డిసైడ్, హోప్, రెఫ్యూజ్, ప్రామిస్. కుడివైపు ‘ఇంగ్’ అడిగేవి: ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్, డినై. చూస్తున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది, నోరు తెరిస్తే ఒక్కటీ సమయానికి రాదు.

ఇప్పుడు కార్డుకు ఒక వాక్యం, అంతే. ఒక వైపు ‘షీ రెఫ్యూజ్డ్ టు సైన్’, వెనక ‘సంతకం పెట్టనంది’. తెలుగు చూసి ఇంగ్లిష్ పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. తడబడిన కార్డుల్ని విడిగా పెట్టి, మర్నాడు వాటితోనే మొదలుపెడతాను.

ఆ విడి కట్టలో ఎక్కువగా చేరేవి తెలుగులో ‘-డం’ ఉన్న వాక్యాలు. ‘చదవడం’ అనగానే ‘రీడింగ్’ అనేస్తాం. ‘చదవడం ఇష్టం’ వరకు పరవాలేదు, ‘ఎంజాయ్ రీడింగ్’ సరిపోతుంది. ‘ఈత కొట్టడం నేర్చుకున్నాడు’ మాత్రం ‘లర్న్‌డ్ టు స్విమ్’. ‘తాళం వేయడం మర్చిపోయాను’ అంటే ‘ఫర్గాట్ టు లాక్’. అటు ‘వెళ్దామన్నాడు’లో ‘-డం’ జాడే లేదు, అయినా ‘సజెస్టెడ్ గోయింగ్’ అనాలి. (‘సజెస్టెడ్ మీ టు గో’ మన చుట్టూ తెగ వినిపిస్తుంది. ‘అడ్వైజ్డ్ మీ టు గో’ అంటే సరిపోయేది.)

కాబట్టి తెలుగు వాక్యం చివర చూడటం మానేసి, ఏ పని ముందు, ఏది తర్వాత అని చూస్తున్నాను. ముందు నిర్ణయం, ఆ తర్వాత పని అయితే చాలావరకు ‘టు’: డిసైడ్, ప్లాన్, అగ్రీ. పని అప్పటికే జరిగిందో, జరుగుతోందో అయితే ‘ఇంగ్’: అడ్మిట్, ఫినిష్, ఎంజాయ్. ఇదేమీ శాసనం కాదు. పోస్ట్‌పోన్, కన్సిడర్ రెండూ జరగబోయే పని గురించే, అయినా ‘ఇంగ్’ అడుగుతాయి. మేనేజ్ అయిపోయిన పనికి కూడా ‘టు’నే పట్టుకుంటుంది. ఈ మొండివాటికి వేరే రంగు కార్డులు కేటాయించాను.

అసలు రుచి రెండూ పెట్టుకోగలిగి, అర్థం మారిపోయే క్రియల్లో ఉంది. ‘స్టాప్డ్ టు టాక్’ అంటే మాట్లాడటానికి ఆగాడు, ‘స్టాప్డ్ టాకింగ్’ అంటే మాట్లాడటం ఆపేశాడు. ‘రిమెంబర్డ్ టు లాక్’ అంటే మర్చిపోకుండా తాళం వేశాను, ‘రిమెంబర్ లాకింగ్’ అంటే వేసినట్టు గుర్తుంది. నాకు బాగా నచ్చింది ట్రై. ‘ట్రైడ్ టు ఓపెన్ ద విండో’ అంటే కిటికీ తెరవాలని చూశాను, బిగుసుకుపోయి ఉండొచ్చు. ‘ట్రైడ్ ఓపెనింగ్ ద విండో’ అంటే తెరిచి చూశాను, గాలి వస్తుందేమోనని. ‘తెరవాలని చూశాను’, ‘తెరిచి చూశాను’ అని రెండు కార్డుల వెనకా రాసుకున్నాక ఈ జంట మీద మళ్లీ తికమక లేదు.

బిగిన్, స్టార్ట్, కంటిన్యూల మీద టైమ్ పెట్టట్లేదు, ఏది పెట్టినా దాదాపు ఒకటే. ‘ఈజ్ స్టార్టింగ్ రెయినింగ్’ అని రెండు ‘ఇంగ్’లు పక్కపక్కన రాకుండా చూసుకుంటే చాలు.

‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ‘టు’ తర్వాత ‘ద మీటింగ్’ లాంటి నామవాచకం పెట్టి చదవాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్’ చక్కగా కుదురుతుంది, అంటే అక్కడ ‘టు’ విభక్తి లాంటిది, దాని తర్వాత క్రియ వస్తే ‘మీటింగ్ యూ’ అనాల్సిందే. ‘వాంట్ టు ద మీటింగ్’ కుదరదు, కాబట్టి ‘వాంట్ టు మీట్’. ‘ఆబ్జెక్ట్ టు’ కూడా ఈ పరీక్షకు లొంగింది.

తర్వాతి కట్ట మధ్యలో మనిషి దూరితే రూపం మారే క్రియలది. ‘దే అలౌ పార్కింగ్ హియర్’ అంటాం గానీ, ‘అస్’ చేరగానే ‘దే అలౌ అస్ టు పార్క్ హియర్’ అవుతుంది. లెట్, మేక్ వస్తే ఆ ‘టు’ కూడా ఉండదు: ‘లెట్ అస్ పార్క్’. వీటి కార్డులు ఇంకా రాస్తున్నాను.