ఏ కాన్ఫరెన్స్ గొప్పదో ఫుట్‌బాల్ ఒక్కటే చెప్పదు

అమెరికాలో కాలేజీలు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి ఆటలాడతాయి. అక్కడి కాలేజీ ఆటల గురించి ఏ ఇద్దరు కూర్చున్నా మాట చివరికి ఎస్‌ఈసీ, బిగ్ టెన్ అనే రెండు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఏది గొప్ప అన్న దగ్గరికే వస్తుంది. 2006 నుంచి 2012 దాకా ఏడు సీజన్లు వరుసగా ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) టైటిల్ ఎస్‌ఈసీ జట్లే పట్టుకుపోయాయని ఒకరంటారు. 2023లో మిషిగన్, 2024లో ఒహాయో స్టేట్ అనే బిగ్ టెన్ జట్లు గెలిచాయి కదా, ఆ రోజులు పోయాయని ఇంకొకరంటారు. ఇద్దరూ మాట్లాడేది ఒక్క ఆట గురించే. నేను ఒరెగాన్ స్టేట్‌లో ఎమ్మెస్ చేశాను. అక్కడి ఇండోర్ స్టేడియం గిల్ కొలీజియంలో చూసినవి నన్ను ఈ విషయంలో ఇంకోలా ఆలోచించేలా చేశాయి.

అక్కడ నాకు బాగా నచ్చింది అమ్మాయిల జిమ్నాస్టిక్స్. జేడ్ కేరీ టోక్యో ఒలింపిక్స్‌లో ఫ్లోర్ ఈవెంట్‌లో బంగారు పతకం గెలిచి, ఆ తర్వాత మా కాలేజీ తరఫున ఆడింది. ముందు వరసల్లో కూర్చుంటే చేతులకు రాసుకున్న సుద్దపొడి లైట్ల వెలుగులో కనిపించేది. పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచి, తిరిగి దిగినప్పుడు పాదాల కింద ఫ్లోర్ ధడేల్మనేది. కాళ్ళు ఒక్క అంగుళం కూడా జరగకపోతే హాలంతా లేచి నిలబడేది. మా కాలేజీ ఉన్న కోర్వాలిస్ చాలా చిన్న ఊరు. అలాంటి ఊళ్ళో ఒలింపిక్ ఛాంపియన్ను ఇంత దగ్గర నుంచి చూడగలిగామంటే, ఫుట్‌బాల్‌తో పాటు మిగతా ఆటలనూ పట్టించుకునే కాలేజీలూ కాన్ఫరెన్సులూ ఉండబట్టే.

అందుకే కాన్ఫరెన్స్ బలం చూడాలంటే నేను ముందు అడుగున ఉన్న జట్లను చూస్తాను. ఛాంపియన్ ఒక్కడే ఉంటాడు, వాడి వెనక ఎంతమంది ఉన్నారన్నదే అసలు సంగతి. 2025లో ఎస్‌ఈసీ మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌లో చేసింది అదే. 16 జట్లలో 14 జాతీయ టోర్నమెంటుకు వెళ్ళాయి. అంతకుముందు రికార్డు 2011లో బిగ్ ఈస్ట్ అనే ఇంకో కాన్ఫరెన్స్ పంపిన 11. చివరికి ఫ్లోరిడా, హ్యూస్టన్‌ను 65-63తో ఓడించి కప్పు కూడా తెచ్చింది. వెళ్ళని ఆ రెండూ ఎవరో తెలుసా? సౌత్ కరొలైనా, ఎల్‌ఎస్‌యూ. అదే ఏడు సౌత్ కరొలైనా అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడారు, ఎల్‌ఎస్‌యూ బేస్‌బాల్ టైటిల్ గెలిచింది. బలహీనం అనుకున్నవాళ్ళ ఇంట్లోనే ఇంత ఉంది. బేస్‌బాల్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. 2019 నుంచి 2025 దాకా టోర్నమెంటు జరిగిన ప్రతి ఏడూ కప్పు ఎస్‌ఈసీకే.

మరి కుస్తీ? 2007 నుంచి 2025 దాకా జాతీయ జట్టు టైటిల్ బిగ్ టెన్ దాటి బయటికి పోలేదు. మిన్నెసోటా, అయోవా, ఒహాయో స్టేట్, మిగిలినవన్నీ పెన్ స్టేట్. ఎస్‌ఈసీలో అసలు కుస్తీ పోటీయే లేదు. మిజోరీ, ఓక్లహోమా కుస్తీ వరకూ బిగ్ 12లో ఆడతాయి. మగవాళ్ళ సాకర్ కూడా లేదు. కెంటకీ, సౌత్ కరొలైనా అందుకోసం సన్ బెల్ట్ అనే కాన్ఫరెన్స్‌కు వెళ్తాయి.

లేని ఆటను లెక్కలోకి తీసుకోవద్దని కొందరంటారు. నేను ఒప్పుకోను, సున్నా వేయాల్సిందే. బడిలో కష్టపడి కుస్తీ నేర్చుకున్న కుర్రాడికి తలుపు తెరవని కాన్ఫరెన్స్ ఆ ఆటలో బలమైనదని గానీ, మాకు సంబంధం లేదని గానీ అనకూడదు.

కాలేజీలకు డైరెక్టర్స్ కప్ అని ఒకటుంది. రకరకాల ఆటల్లో జాతీయ స్థాయిలో తెచ్చుకున్న స్థానాలకు పాయింట్లిచ్చి కూడతారు. అది కాలేజీకి ఇచ్చేదే గానీ కాన్ఫరెన్స్‌కు కాదు. కాన్ఫరెన్స్‌కు లెక్క కట్టాలంటే మొత్తం కలపకూడదు, సగటు చూడాలి. 18 కాలేజీలున్న బిగ్ టెన్‌కూ 16 ఉన్న ఎస్‌ఈసీకీ మొత్తాలు పోల్చడం న్యాయం కాదు. సగటు చూసినా ఇంకో చిక్కుంది, కాలేజీలు కాన్ఫరెన్సులు మారుతుంటాయి. 1994-95 నుంచి 2018-19 దాకా 25 సార్లు వరుసగా ఆ కప్పు స్టాన్‌ఫర్డ్‌దే. ఆ బలమంతా అప్పుడు మా పడమటి తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 ఖాతాలో ఉండేది, ఇప్పుడు ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌ది. 2023-24లో టెక్సస్ గెలిచింది బిగ్ 12 సభ్యురాలిగా, మరుసటి ఏడు గెలిచింది ఎస్‌ఈసీ సభ్యురాలిగా. ఎస్‌ఈసీ ఆ ఏడాది అంతగా ఎదిగిందని ఎవరైనా అంటే, టెక్సస్ తీసేసి చూడమంటాను. 2002లో బాస్కెట్‌బాల్ గెలిచిన మేరీలాండ్ ఇప్పుడు బిగ్ టెన్‌లో ఉంది. అయినా అప్పటికి ఏసీసీలో ఉంది కాబట్టి ఆ కప్పు బిగ్ టెన్‌ది కాదు. 2001 నుంచి 2025 దాకా బిగ్ టెన్‌కు మగవాళ్ళ బాస్కెట్‌బాల్ టైటిల్ ఒక్కటీ లేదు.

నా బాధ పాక్-12 గురించి. అన్ని ఆటలూ కలిపి 500కు పైగా జాతీయ టైటిళ్ళు గెలిచిన కాన్ఫరెన్స్ అది. ఇక్కడ నేను చెప్పిన ఏ కొలతతో కొలిచినా మొదటి వరుసలో ఉండేది. అది కూలిపోయింది ఈతలో, ట్రాక్‌లో, వాలీబాల్‌లో ఓడిపోయి కాదు. మంచి టీవీ ఒప్పందం కుదరలేదు, అంతే. 2022లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్తామన్నాయి. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులో ఐదు కాలేజీలు వెళ్ళిపోతున్నట్టు ప్రకటించాయి. చివరికి మేమూ వాషింగ్టన్ స్టేట్ మిగిలాం. పడమటి తీరంలో లాస్ ఏంజిలిస్‌లో ఉన్న యూసీఎల్‌ఏ సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు ఇప్పుడు పరీక్షలూ చదువులూ పెట్టుకుని తూర్పు తీరంలో న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ ఉండే కాన్ఫరెన్స్‌లో ఆడాలి. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం తీసుకున్న నిర్ణయానికి వాళ్ళు తిరగాల్సి వస్తోంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో కాలేజీ ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచొచ్చు, 2025-26లో ఆ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్ళకు డబ్బు దక్కడం న్యాయమే. అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే పోతే మాత్రం ముందు కోత పడేది ఈతకూ టెన్నిస్‌కూ జిమ్నాస్టిక్స్‌కే. 2024 పారిస్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు తెచ్చిన 39 పతకాల వెనక ఉన్నది ఇలాంటి ఆటలే.

ఇప్పుడున్న కాన్ఫరెన్సుల్లో నన్ను ఎంచుకోమంటే, లేని ఆటకు సున్నా వేసే నా లెక్కలో బిగ్ టెన్‌ను ముందు పెడతాను. ఆటల విస్తృతి వాళ్ళకు ఎక్కువ. ఉన్న ఆటల్లో లోతు చూస్తే ఎస్‌ఈసీని మించినవాళ్ళు లేరు. ఏసీసీకి అమ్మాయిల సాకర్, ఈత పెద్ద అండ. వర్జీనియా 2021 నుంచి 2025 దాకా ఐదేళ్ళు అమ్మాయిల ఈత టైటిల్ వదల్లేదు.

2025లో ఏ కాన్ఫరెన్సూ లేకుండా ఒంటరిగా ఆడిన ఒరెగాన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు జాతీయ టోర్నమెంటు చివరి దశ జరిగే ఒమాహా దాకా వెళ్ళి, మొదటి మ్యాచ్‌లో లూయివిల్‌ను 4-3తో ఓడించింది. పాక్-12 మళ్ళీ నిలబడేది 2026 జులైలో, బోయ్సీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, గొంజాగా లాంటివాటిని కలుపుకుని. దాని ఫుట్‌బాల్ ర్యాంకు చూసి ఎవరూ తీర్పు చెప్పొద్దు. ఏడాది పొడవునా మిగతా ఆటలన్నీ ఆడనిచ్చి, అప్పుడు లెక్కేయండి.